నీళ్ళ మట్టం అరవై రెండు

ఫిబ్రవరి 3

కొత్త కంప్యూటరొచ్చింది. లాండ్రీ వాళ్ళ బాయిలర్ గదిలో ఉన్న పాతది మసి పీల్చి పీల్చి చివరికి ప్రాణం విడిచిందట. మేనేజరు కొత్తది కొని తిన్నగా మా కంప్యూటర్ షాపుకే పంపించాడు. ప్రోగ్రాములెక్కించి వారంలో ఇవ్వాలి. దానికి వారమెందుకు, ఏళ్ళ తరబడి నడుస్తున్న ప్రోగ్రామే కదా, ఒక్కసారి కంపైల్ చేసి, రాసింది మెషీను భాషలోకి మారిస్తే సరిపోతుందనుకున్నాను.

అనుకోవడానికేం, ఎంటర్ కొట్టగానే తెర నిండా ఎర్ర లైన్లు. పైకి తోస్తూ పోతే మొదలెక్కడో దొరకదు. పాత కంపైలరు నెమ్మదస్తురాలు. ఏదైనా తేడా ఉంటే కాస్త గొణిగి, పని చేసిపెట్టేది. ఆ గొణుగుడు కూడా వినలేక నేనే ఒక స్విచ్చు పెట్టి దాని నోరు మూయించాను. ఈ కొత్తది గొణగదు. చెయ్యను పొమ్మంటుంది.

మొదటి తప్పు: 'షమ్‌గెట్ అంటే ఏమిటో నాకు తెలియదు' అంటోంది. రెండో తప్పు: 'షమ్‌యాట్ అంటే ఏమిటో నాకు తెలియదు.' షేర్డ్ మెమరీ కావాలంటే పిలవాల్సినవే ఆ రెండూ. ఇన్నేళ్ళు వాటి మీదే బతికాం కదే తల్లీ, ఇవాళ తెలియదంటే ఎలా!

అన్నయ్య షాపు ముందు గదిలోనే ఉన్నాడు. అడిగితే నిమిషంలో చెప్పేస్తాడు. అడగను.

ఫిబ్రవరి 4

ఒక్క హెడర్ ఫైలు పేరు పైన చేర్చాలి, అంతే. ఆ ఫంక్షన్లు ఏం పుచ్చుకుంటాయో, తిరిగి ఏమిస్తాయో అందులో ఉంటుంది. అది లేకపోతే పాత కంపైలరు తనే ఏదో ఊహించుకుని, 'ఒక అంకె ఇస్తుందిలే' అని సరిపెట్టుకునేది. పాత మెషీన్లో ఆ ఊహ చెల్లింది. కొత్తదాంట్లో మెమరీ చిరునామాలు రెట్టింపు పొడవు. అదే ఊహతో పోతే సగం చిరునామా పట్టుకుని ఎవరింట్లోనో దూరేవాళ్ళం. తిట్టింది కానీ మంచికే తిట్టింది.

ఎర్ర లైన్లు తెరలో సగానికి దిగాయి.

పొద్దున ఈయన టీ తాగుతూ వేళాకోళానికి దిగారు.

"ఏమోయ్, మీ అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోవట్లేదు సరే. మీ ప్రోగ్రాములు ఎలా మాట్లాడుకుంటున్నాయి?"

"అవీ మాట్లాడుకోవు. గోడకి మూడు మేకులున్నాయనుకోండి. అన్నయ్య ప్రోగ్రాము మీ బాయిలర్ మీటర్లు చదివి, మొదటి మేక్కి ప్రెషరు, రెండోదానికి ఆవిరి వేడి, మూడోదానికి నీళ్ళ మట్టం తగిలిస్తుంది. నాది వచ్చి వరసగా తీసుకుని మీ తెర మీద చూపిస్తుంది. ఆ గోడే షేర్డ్ మెమరీ."

"మేకుల కింద పేర్లు రాసుంటాయా?"

"ఉండవు. వరసే గుర్తు."

"బావుంది. మా బట్టలు మార్చుకునే గదిలోనూ అంతే. పొరపాటున ఒకడి చొక్కా ఇంకొకడు తొడుక్కుపోతాడు."

ఈయనకి అన్నీ నవ్వులాటే. ఇరవై ఏళ్ళుగా బాయిలర్ ముందు నిలబడిన మనిషి. ఆవిరికి తప్ప దేనికీ భయపడరు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, ఊళ్ళో సగం మంది కప్పుకునేవి ఈయన ఆవిరిలో ఉడికి బయటికొస్తాయి. ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. మా పెళ్ళి ఫోటో మాత్రం బీరువాలో ఉంది.

ఫిబ్రవరి 5

ఈ సంగతి రాయకూడదనుకున్నాను. రాయకపోతే కడుపు ఉబ్బిపోతోంది.

కిందటి అక్టోబరులో లాండ్రీలో తెర బిగుసుకుపోయింది. అన్నయ్యా నేనూ ఇద్దరం వెళ్ళాం. మేనేజరు, ఫోర్‌మను, ఇస్త్రీ సెక్షన్ వాళ్ళు నలుగురూ చుట్టూ నిలబడి ఉన్నారు. అన్నయ్య నవ్వుతూ అన్నాడు: "అది మా చెల్లి రాసిన భాగమండీ. కాస్త తొందర మనిషి." ఈయన కూడా అక్కడే ఉన్నారు. తలొంచుకున్నారు.

తర్వాత చూస్తే అన్నయ్య వైపు వైరు ఊడింది. బిగించాడు. తప్పు నాదని నలుగురిలో అన్నవాడు, వైరు సంగతి నా చెవిలో కూడా చెప్పలేదు. అప్పట్నుంచి మేనేజరు నన్ను 'తొందర మేడం' అంటున్నాడు.

ముందు గదికీ వెనక గదికీ మధ్య తలుపు మూసేశాను. అన్నయ్య తెరవలేదు. నేనూ తెరవలేదు. బిల్లులూ ఫోన్లూ చూసే వదిన మాత్రం వీధి వైపు నుంచి చుట్టూ తిరిగొచ్చి ఇద్దరికీ టీలూ కబుర్లూ మోస్తోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కూడాను.

ఫిబ్రవరి 6

ఇవాళ ముక్కలన్నీ కలిపి కుట్టే లింకరు వంతు. తెర గీసే లైబ్రరీ దొరకట్లేదని ఒకటే గోల. ఉంది కదే, ఇదిగో కళ్ళ ముందే ఉంది! మధ్యాహ్నం దాకా కొట్టుకుని, చివరికి లైన్లో లైబ్రరీ పేరు ముందూ నా ఫైలు పేరు వెనకా ఉన్నాయని తెలుసుకున్నాను. తిప్పి రాశాను. నోరు మూసుకుంది. పాతదానికి ఈ వరసా వావీ పట్టింపు లేదు.

టీ వేళకి వదిన వచ్చింది. కప్పు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య నీకో మాట చెప్పి రమ్మన్నారు. ఆ మేనేజరు ఇంకోటేదో కూడా కొలవమన్నాడట. అందుకని మీ ఇద్దరి ఫైల్లో మధ్యలో ఏదో..."

"వదినా, ఆగు. తనకి నోరు లేదా?"

"అది కాదే, నేను మర్చిపోతానని కాగితం మీద రాసిస్తానన్నారు కూడా. నేనే వద్దన్నాను, రెండు ముక్కలే కదా అని."

"కాగితాలూ వద్దు, రెండు ముక్కలూ వద్దు. చెప్పాల్సిన మనిషి వచ్చి చెబితే వింటాను. నువ్వు రాయబారాలు మానెయ్యి, నీ మోకాళ్ళు బాగుపడతాయి."

వదిన నా వంక చూసింది. "నీ ఇష్టం తల్లీ" అని ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

నేనన్నదాంట్లో తప్పేముంది? నలుగురిలో అనడానికి వచ్చిన నోరు గోడకవతల నుంచి రావడానికి ఏమైంది?

ఫిబ్రవరి 7

అయిపోయింది! ఎర్రర్లు లేవు, వార్నింగులు లేవు. నోరు మూయించే స్విచ్చు కూడా తీసేసి మరీ చూశాను. తెర అద్దంలా ఉంది.

పొద్దున మాత్రం చంపుకు తింది. గోడ ఎక్కడుందో ప్రోగ్రాముకి తెలియాలంటే ఒక తాళం నంబరు కావాలి. కొత్త మెషీన్లో అన్నయ్య ఆ నంబరు మార్చాడు. అది వాడి హెడర్ ఫైల్లో ఉంది. సరే కదా అని వాడి ఫైలు నా ప్రోగ్రాములో చేర్చాను. వెంటనే రీడెఫినిషన్ అంటూ కొత్త ఎర్రరు. ఆ మేకుల వరస, మేం స్ట్రక్చరు అనేది, వాడి ఫైల్లో ఒకసారీ నా ఫైల్లో ఒకసారీ ఉందట. రెండు ఫైళ్ళ పేర్లూ, రెండు లైన్ల నంబర్లూ పక్కపక్కన చూపిస్తోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటోంది.

నిజానికి మొదట్లో ఒకే ఫైలుండేది. అక్టోబరు తర్వాత నా కాపీ నేను తీసుకున్నాను. వాడి గదిలోకి వెళ్ళి ఏదీ అడగక్కర్లేకుండా.

ఉపాయం దొరికింది. వాడి ఫైలు తెరిస్తే నంబరు మొదటి లైన్లోనే ఉంది. దాన్ని చేత్తో నా ఫైల్లోకి ఎక్కించుకుని, వాడిది తీసి అవతల పారేశాను. ఇప్పుడు ఒక్క కత్తే. నాది.

తొందర మేడమట. రండి, చూడండి.

ఫిబ్రవరి 10

కొత్త మెషీను మొన్ననే లాండ్రీకి చేరింది. ఇవాళ వెళ్ళి నా ప్రోగ్రాము ఎక్కించి వచ్చాను. అన్నయ్య తన ప్రోగ్రాము నిన్ననే పెట్టి వెళ్ళాడు. ఇద్దరం ఒక రోజు వెళ్ళమని ఇప్పుడు వాళ్ళకీ తెలుసు.

ప్రెషరు 7. ఆవిరి వేడి 170. నీళ్ళ మట్టం 62. ముచ్చటగా ఉన్నాయి. నూటికి ముప్పై కన్నా తగ్గితే నా ప్రోగ్రాము సైరను మోగిస్తుంది. సైరను కూడా విడిగా పరీక్షించాను, కూసింది.

"తొందర మేడం, ఈసారి ఏం తొందరపడలేదుగా?" అన్నాడు మేనేజరు.

"ఒక్క ఎర్రరు కూడా లేదు సార్."

ఈయన నా వెనకాల నిలబడి ఉన్నారు. తల వంచుకోలేదు ఈసారి. తెర మీద దుమ్ము లేకపోయినా జేబు రుమాలుతో తుడిచారు.

నీళ్ళు తగ్గితే దానంతటదే మంట ఆపేసే స్విచ్చు నెల రోజులుగా కట్టేసి ఉందట. ఊరికే పడిపోయి పని చెడగొడుతోందని మేనేజరే కట్టేయించాడు. నీళ్ళ మట్టం కంటికి చూపించే గాజు గొట్టానికి లోపల సున్నం పట్టింది, కొత్తది తెప్పిస్తానంటున్నాడు. అంతదాకా పంపు ఈయన చేత్తోనే నడుపుతున్నారు. "ఏం పర్లేదు, నీ తెరుందిగా" అన్నారు.

ఫిబ్రవరి 14

ఈయన అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తున్నారు.

"నీ తెర మీద నీళ్ళు పెద్దగా కదలట్లేదోయ్. అరవై, అరవై రెండు, అరవై మూడు. పంపు వేస్తే పెరగాలా? కాస్త తగ్గుతోంది. ఆపితే మళ్ళీ పెరుగుతోంది."

"మీరే కదా ఓసారి చెప్పారు, చన్నీళ్ళు పడగానే లోపల బుడగలు అణిగి మట్టం కుంగుతుందని."

"కుంగుతుంది. కుంగి పైకి లేవాలి."

"కదలకపోతే మంచిదే కదండీ. మీరు పంపు అంత బాగా నడుపుతున్నారన్నమాట."

పొగిడితే పడిపోయే మనిషి. నవ్వేసి తినడం మొదలుపెట్టారు. "అంతేనంటావా?"

"కంపైలరే ఏం అనలేదు, మీరెవరండీ అనడానికి!" అన్నాను.

ఫిబ్రవరి 17

ఫోన్ చేసి అడిగాను. అరవై రెండేనట. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 18

అన్నయ్య మధ్య తలుపు దాకా వచ్చి ఆగాడు. కింద సందులోంచి చెప్పులు కనిపించాయి. నేను గట్టిగా టైపు కొట్టాను. చెప్పులు వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరి 20

ఈయనకు కాలింది.

ఫిబ్రవరి 22

నిన్న రాయలేదు. రోజంతా ఆస్పత్రిలో ఈయన మంచం పక్కనే ఉన్నాను.

రెండు చేతులూ మోచేతుల దాకా. మొహం ఎడమ పక్క. కళ్ళకేం కాలేదన్నారు. వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. చేతులు రెండూ తెల్లటి మూటల్లా పైకి కట్టి ఉన్నాయి. నేనే స్పూనుతో సూపు తాగిస్తున్నాను. మందుల మత్తులో కూడా "నీకు శ్రమ" అంటున్నారు.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పారు. గాజు గొట్టంలో నీళ్ళ గీత కనబడలేదట. గొట్టం నిండా ఉన్నా గీత కనబడదు, పూర్తిగా ఖాళీ అయినా కనబడదు. రెండూ ఒకేలా ఉంటాయి. బాయిలర్ పని మొదటి రోజున నేర్పే సంగతే అది. అలాంటప్పుడు గొట్టం కింద కొళాయి తిప్పి నీళ్ళొస్తాయేమో చూడాలి.

"తిప్పలేదు. నీ తెర వైపు చూశాను. అరవై రెండు. అయితే నీళ్ళున్నాయి, గొట్టమే మూసుకుపోయిందనుకున్నాను. ఎన్నడూ అలా చెయ్యలేదోయ్. గొట్టమూ మీటరూ కొట్టుకుంటే గొట్టాన్నే నమ్మమంటారు. ఈసారి నీ తెరని నమ్మాను."

ఇనుము కాలిన వాసన రాగానే అర్థమైందట. పంపు వెయ్యలేదు. అప్పుడు చన్నీళ్ళు పోస్తే గదంతా లేచిపోయేది. పరుగెత్తి మంటకి వెళ్ళే ఆయిలు వాల్వు మూశారు. మూస్తుండగా, నీళ్ళు లేకపోతే కరగడానికే లోపల బిగించిన సీసం బిళ్ళ కరిగి, మంట తలుపు లోంచి ఆవిరి తన్నింది. వాల్వు పూర్తిగా మూసేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ పక్క గదిలో ఇస్త్రీ ఆడవాళ్ళున్నారు.

నేను సూపు గిన్నె వంకే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 23

మేనేజరు పళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. నన్ను వరండాలోకి పిలిచాడు.

"తెర మీద అరవై రెండుంటే నీళ్ళెలా అయిపోతాయి మేడం? మీ ప్రోగ్రాములో ఎర్రర్ లేదని మీరే అన్నారుగా. అంటే ఆయన చూడనే లేదు. కునుకు పట్టి ఉంటుంది. ఆ వయసులో సహజం. వచ్చే వారం బాయిలర్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సర్టిఫికెట్ పోతుంది కానీ, కేసూ గీసూ లేకుండా నేను చూస్తాను."

కట్టేసిన స్విచ్చు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే మాట ఎటు పోతుందోనని.

లోపలికొస్తే ఈయన అంతా విన్నట్టున్నారు. "నేను నిజంగా అరవై రెండే చూశానా?" అని అడిగారు. "నిద్రపోలేదు నేను. పోలేదనే అనుకుంటున్నాను. ఏమో. ఇరవై ఏళ్ళు చూసిన కళ్ళు. ఇన్‌స్పెక్టరుకి నాదే తప్పని చెప్పేస్తాను. కొళాయి తిప్పనిది నేనే కదా."

ప్రోగ్రాములో ఎర్రరు లేదు. ఒక్కటి కూడా లేదు. నేను చూశాను.

ఫిబ్రవరి 24

అన్నయ్య హెడర్ ఫైలు ఒకసారి తెరిచి చూడాలి. ఊరికే, అనుమానం తీర్చుకోవడానికి. ఇవాళ ఆస్పత్రిలోనే సరిపోయింది.

ఫిబ్రవరి 25

షాపుకి వెళ్ళాను. మెషీను వేశాను. టేబులు తుడిచాను. తీగలన్నీ చుట్టలు చుట్టి పెట్టాను. ఫైలు తెరవలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏమిటిది? నా ప్రోగ్రాము శుభ్రంగా ఉంది కదా. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 26

మూడోది నీళ్ళ మట్టం కాదు.

ఫిబ్రవరి 27

నిన్న ఆ ఒక్క లైను రాసి పుస్తకం మూసేశాను.

వాడి ఫైల్లో నాలుగున్నాయి. ప్రెషరు, ఆవిరి వేడి, ఫీడు నీళ్ళ వేడి, నీళ్ళ మట్టం. తొట్టిలోంచి బాయిలర్‌లోకి పోయే నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కూడా కొలవమన్నాడట మేనేజరు. అన్నయ్య దాన్ని రెండు వేడులూ పక్కపక్కన ఉంటాయని మధ్యలో పెట్టాడు. నీళ్ళ మట్టం నాలుగో మేక్కి జరిగింది. నాది మూడో మేక్కున్నదే తీసుకుని, నీళ్ళ మట్టమని చూపిస్తూ వచ్చింది. తొట్టి నీళ్ళ వేడి అరవై రెండు డిగ్రీలు. పంపు వేస్తే తొట్టిలోకి చన్నీళ్ళు వచ్చి తగ్గేది. ఆపితే పెరిగేది. ఈయన అన్నం ముందు కూర్చుని నాకు ఇదే చెప్పారు.

కంపైలరు అబద్ధం చెప్పలేదు. వాడి ప్రోగ్రాము వాడి ఫైలుతో సరిగ్గా ఉంది, నాది నా ఫైలుతో సరిగ్గా ఉంది. రెండూ వేరువేరుగా చూసి రెండూ బాగున్నాయంది. రెండు ఫైళ్ళూ ఒక్కసారి, ఒకే ఒక్కసారి దాని ముందు పెట్టాను. అప్పుడు అరిచింది. నేను వాడి ఫైలు తీసేసి దాని అరుపు ఆపాను.

మధ్య తలుపు తీశాను. బిగుసుకుపోయి ఉంటే భుజంతో నెట్టాల్సి వచ్చింది. అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. వాడి తెర మీదా అదే ఫైలుంది. నాకంటే ముందే చూసినట్టున్నాడు.

"వదినతో చెప్పి పంపాను కదే!" అన్నాడు మొట్టమొదట.

"పంపావు."

"మరి?"

"నేను విన్లేదు."

వదిన మూలన స్టూలు మీద కూర్చుంది. "నేనైనా గట్టిగా చెప్పాల్సింది. కసిరింది కదా అని వచ్చేశాను. చేతులు కాలాక..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

అన్నయ్య తెరిచిన తలుపు వైపు చూశాడు. "నేను వచ్చి ఉండాల్సింది. ఆ రోజు తలుపు దాకా వచ్చాను. నీ తెర మీద అంతా సరిగ్గానే ఉందా అని అడుగుదామని. నువ్వు టకటకా కొడుతున్నావు. ఇప్పుడు వెళితే మొహం వాచేలా చీవాట్లు పెడుతుందిలే అనుకున్నాను."

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నాడు. "ఇది బయటపడితే లాండ్రీ పోతుంది. దాంతో మిగతావాళ్ళూ పోతారు. షాపు మూసుకోవాల్సిందే. బావ ఎలాగూ తన తప్పే అంటున్నాడు కదా..."

వదిన "ఛీ" అంది. "ఆ మాట మళ్ళీ అనకండి."

అన్నయ్య మళ్ళీ అనలేదు. ఆ మాట అన్నయ్య అనకముందే, నిన్న సాయంత్రం బస్సులో, నాకూ తోచింది. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపు దాకా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాను. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

ఫిబ్రవరి 28

ఈయన సర్టిఫికెట్ ఫ్రేము మేకు మీంచి తీసి తెమ్మన్నారు. "ఇన్‌స్పెక్టరు అడుగుతాడు, దగ్గరుంటే మంచిది. నా చేత్తో నేనే ఇచ్చేస్తాను" అన్నారు. అని చేతుల వంక చూసుకుని, "నువ్వే ఇవ్వాలేమో" అన్నారు. నవ్వబోయి మొహం మంటపుట్టి ఆగిపోయారు.

తీసుకెళ్ళలేదు. మర్చిపోయానన్నాను.

మార్చి 2

చెప్పేశాను.

బాయిలర్ గదిలో ఇన్‌స్పెక్టరు, మేనేజరు, ఫోర్‌మను, మేమిద్దరం. అక్టోబరులో నిలబడిన చోటే నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు పెద్దాయన, మాట తక్కువ. మేనేజరు మొదలుపెట్టాడు, ఆపరేటరు కునుకు తీసి ఉంటాడని.

"కునుకు తియ్యలేదండీ. ఆయన చూశారు. నా తెరే తప్పు చూపించింది" అన్నాను.

అన్నయ్య కదిలాడు. "ఇద్దరిదీనండీ. నేను మార్చాను, తనకి నేరుగా చెప్పలేదు."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద నాలుగు గళ్ళు గీయించుకుని, రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, ఆ కట్టేసిన స్విచ్చు తీగని వేలితో మీటాడు. "ఇదెవరు కట్టారు?" అన్నాడు. మేనేజరు ఫోర్‌మను వంక చూశాడు.

వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్టరు నాతో అన్నాడు: "నీళ్ళు లేని బాయిలర్‌లో పంపు వెయ్యకుండా ఆయిలు మూశాడు చూడండి, అది చాలామందికి చేతకాదమ్మా. ఆయన సర్టిఫికెట్ జోలికి నేను పోను. తగ్గాక పనిలోకి రమ్మనండి."

మేనేజరు గేటు దాకా వెంటొచ్చి, ఇక మా సేవలు అక్కర్లేదన్నాడు. తొందర మేడం అనలేదు. పేరు పెట్టి పిలిచాడు. అన్నయ్య స్కూటరు స్టార్టు చెయ్యలేక మూడు తన్నులు తన్నాడు. "షాపు సంగతి తర్వాత చూద్దాం, ముందు బావకి చెప్పిరా" అన్నాడు. నేను ఆస్పత్రికి దాదాపు పరుగెత్తాను. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది. ఈయనకి ఈయన కళ్ళు తిరిగి ఇవ్వబోతున్నాను కదా.

మధ్యాహ్నం సూపు వచ్చి ఉంది, బల్ల మీద మూతపెట్టి. పక్కన కూర్చుని అంతా చెప్పాను. మేకుల లెక్కనే చెప్పాను, ఆయనకు తెలుసు కాబట్టి.

"అయితే నేను చూసింది అరవై రెండే" అన్నారు.

"అరవై రెండేనండీ."

"నిద్రపోలేదు."

"పోలేదు. ఇన్‌స్పెక్టరు మిమ్మల్ని మెచ్చుకున్నాడు కూడా. సర్టిఫికెట్ మీదే."

కళ్ళు మూసుకున్నారు. కన్నీళ్ళు కట్టు మీదకి జారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతుల్లేవు. నేను తుడిచాను. తుడవనిచ్చారు. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు, ఎన్ని రోజులు దాచానో కదా అనుకున్నాను.

కాసేపటికి కళ్ళు తెరిచారు.

"మీ అన్నయ్య వరస మార్చినట్టు నీకు చెప్పలేదా?"

"వదినతో చెప్పి పంపాడు."

"ఆవిడ మర్చిపోయిందా?"

అవునంటే సరిపోయేది. వదిన ఏమీ అనుకోదు, ఒప్పుకుంటుంది కూడా.

"మర్చిపోలేదు. నేనే చెప్పనివ్వలేదు. వాడొచ్చి చెబితేనే వింటానన్నాను."

"నేను అన్నం ముందు చెప్పినప్పుడో? పంపు వేస్తే తగ్గుతోందని?"

"అప్పుడూ విన్లేదండీ."

కోప్పడతారేమో అని చూశాను. కోప్పడితే బావుండును. పక్క మంచం ఆయన దగ్గుతున్నాడు. సూపు చల్లారిపోతోందని మూత తీసి, స్పూను నింపి, ఊది, నోటి దగ్గర పెట్టాను.

మొహం అటు తిప్పుకున్నారు. గుమ్మంలోంచి వెళుతున్న నర్సును పిలిచారు.

"సిస్టర్, కాస్త ఇది మీరు తాగిస్తారా?"

ఆవిడ నా వంక చూసింది, నేనున్నాను కదా అన్నట్టు. ఈయన ఎవరి వంకా చూడలేదు. లేచి గిన్నె ఆవిడ చేతికిచ్చాను.